రాయితీ బోనస్ కారుకు, కిలోమీటర్లు ఆటోకు

నస్పూర్: దసరా, దీపావళి నడుమ సింగరేణి ఊళ్లలో కార్ల ముచ్చట ఎప్పుడూ ఉండేదే. ఈసారి కొంచెం ఎక్కువైంది. సెప్టెంబర్ 22న జీఎస్టీ కొత్త రేట్లు అమల్లోకి వచ్చి చిన్న కార్ల ధరలు దిగాయి. ఆ పండుగ రోజుల్లోనే సింగరేణి లాభాల్లో కార్మికుల వాటా 34 శాతం, అంటే 819 కోట్ల రూపాయలు అని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రకటించారు. పర్మినెంట్ కార్మికుడికి సగటున 1,95,610 రూపాయలు వచ్చాయి. దీపావళికి పీఎల్‌ఆర్ బోనస్ మరో లక్షా 3 వేలు. రెండూ కలిపితే మూడు లక్షలకు కాస్త తక్కువ. కారుకు డౌన్ పేమెంట్ తయారైనట్టే.

అందుకే శ్రీరాంపూర్ గనుల దగ్గర షిఫ్ట్ దిగినవాళ్ల నోట, సీసీసీ హోటళ్లలో చాయ్ కాడ ఒకటే చర్చ. పెట్రోలా, ఎలక్ట్రికా? నెక్సాన్ ఈవీ తీసుకోవాలా, జీఎస్టీ తగ్గింది కాబట్టి స్విఫ్ట్‌తోనే సరిపెట్టుకోవాలా? ఎండాకాలం 45 డిగ్రీల్లో బ్యాటరీ ఏమవుతుంది? హైదరాబాద్ దాకా మధ్యలో ఆగకుండా పోతుందా? యూట్యూబ్‌లో కారు రివ్యూలు చూసే కుర్రాళ్ల దగ్గర ఈ ప్రశ్నలన్నిటికీ జవాబులున్నాయి. ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఇంకొకటి.

ఈ వాదనలు వినసొంపుగానే ఉంటాయి. కానీ అందులో ఒక బండి లెక్కలోకి రావడం లేదు. మంచిర్యాల నుంచి సీసీసీ మీదుగా శ్రీరాంపూర్, ఇందారం దాకా 63వ నంబర్ జాతీయ రహదారి మీద పొద్దున్నుంచి రాత్రిదాకా తిరిగే ఆటో. ఎలక్ట్రిక్ బండి వల్ల అసలు లాభం ఎవరికి, సర్కారు ఇస్తున్న రాయితీ ఎవరికి పోతోంది అన్నది చూడాలంటే ఆ ఆటోను కూడా లెక్కలో పెట్టాలి.

ముందు కారు లెక్క

ఎలక్ట్రిక్ వాహనాలకు తెలంగాణలో రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. 2020 పాలసీలోనూ మాఫీ ఉండేది, కానీ దానికి హద్దు ఉండేది. మొదటి 2 లక్షల టూవీలర్లకు, 20 వేల ఆటోలకు, సొంత కార్లలో మొదటి 5 వేలకు మాత్రమే. రవాణా మంత్రి పొన్నం ప్రభాకర్ ప్రకటించిన కొత్త జీవో 41 నంబర్‌ది. అది 2024 నవంబర్ 18 నుంచి అమల్లోకి వచ్చి ఆ హద్దు ఎత్తేసింది. 2026 డిసెంబర్ 31 లోపు ఎన్ని బండ్లు కొన్నా, ఎంత ఖరీదైనవి కొన్నా ట్యాక్స్ సున్నా.

ఇప్పుడు నోటు పుస్తకం తీసి రాసుకుందాం. షోరూమ్ ధర 14 లక్షల ఎలక్ట్రిక్ కారు. అదే ధరకు పెట్రోల్ కారు కొంటే లైఫ్ ట్యాక్స్ 17 శాతం చొప్పున చూసినా 2 లక్షల 38 వేలు కట్టాలి. ఎలక్ట్రిక్ కారు కొన్నాయనకు అదంతా మిగులు. దాని మీద జీఎస్టీ కూడా 5 శాతమే. సర్కారు ఒక్క కారు మీద వదులుకునేది ఒక ఆటో డ్రైవర్ ఏడాది సంపాదనకు దగ్గర్లో ఉంటుంది.

మరి కొన్నాయనకు ఖర్చు ఎంత తగ్గుతుంది? 2025లో పెట్రోల్ హైదరాబాద్‌లోనే లీటర్ 107 రూపాయల 46 పైసలు ఉండేది, డిపోకు దూరం కొద్దీ మన దిక్కు ఇంకొంచెం ఎక్కువ. 108 అనుకుందాం. లీటర్‌కు 16 కిలోమీటర్లు ఇచ్చే కారుకు కిలోమీటర్‌కు 6 రూపాయల 75 పైసలు పడుతుంది. ఎలక్ట్రిక్ కారు ఒక యూనిట్‌కు దాదాపు 7 కిలోమీటర్లు పోతుంది. ఇంటి కరెంట్ పై స్లాబ్‌లో యూనిట్ 9 రూపాయల 50 పైసలు లెక్కేసినా కిలోమీటర్‌కు 1 రూపాయి 36 పైసలే. తేడా అయిదు రూపాయల పైనే. బ్రహ్మాండం!

కానీ ఆ కారు ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది? నస్పూర్ క్వార్టర్ నుంచి బాయికి పోయి రావడం, నెలకోసారి కరీంనగర్, ఏడాదికి నాలుగైదుసార్లు హైదరాబాద్, పెళ్లిళ్లు, మేడారం, అజ్మీర్ లేదా తిరుపతి కలిపినా చాలామందికి 8 వేలు దాటదు. అంటే ఏడాదికి మిగిలేది 43 వేలు. పెట్రోల్ మోడల్ కంటే ఎలక్ట్రిక్ మోడల్‌కు మూడు, నాలుగు లక్షలు ఎక్కువ పెట్టినట్టయితే ఆ పైసలు తిరిగి రావడానికి ఏడు నుంచి తొమ్మిది ఏళ్లు. దానికి తోడు జీఎస్టీ మార్పు ఒకటి. నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోల్ కార్ల మీద ఇంతకుముందు సెస్సుతో కలిపి 29 శాతం ఉండేది, ఇప్పుడు 18. ఏడు లక్షల మూల ధర ఉన్న కారు మీద 77 వేలు తగ్గింది. ఎలక్ట్రిక్ కారుకు ఉన్న ధర అనుకూలత ఆ మేరకు కరిగింది.

కారు మోజు తప్పని నేను అనడం లేదు. ముప్ఫై ఏళ్లు భూమి కింద పనిచేసిన మనిషి తన పైసలతో ఏ కారైనా కొనుక్కుంటాడు, అది ఆయన హక్కు. సైలెన్సర్ చప్పుడు లేకుండా పోయే బండి బాగుంటుంది కూడా. ప్రశ్న ఆయన పైసల గురించి కాదు. సర్కారు వదులుకుంటున్న ఆ 2 లక్షల 38 వేల గురించి.

ఇప్పుడు ఆటో లెక్క

షేర్ ఆటో రోజుకు 100 కిలోమీటర్లు అవలీలగా తిరుగుతుంది. నెలకు 26 రోజులు వేసుకుంటే 2,600 కిలోమీటర్లు. ఏడాదికి 31 వేల పైన. బోనస్ కారు నాలుగేళ్లలో తిరిగేది ఆటో ఒక్క ఏడాదిలో తిరుగుతుంది. మన దగ్గర ఎక్కువగా ఉన్నవి డీజిల్ ఆటోలే. లీటర్‌కు 30 కిలోమీటర్లు అనుకుంటే నెలకు 87 లీటర్లు. లీటర్ 96 చొప్పున 8,300 రూపాయలు బంక్‌లో పోయాల్సిందే.

అందులో సర్కారుకు పోయేది ఎంతో కూడా చూడాలి. తెలంగాణలో డీజిల్ మీద వ్యాట్ 27 శాతం, పెట్రోల్ మీద 35.2 శాతం. 96 రూపాయల డీజిల్‌లో దాదాపు 20 రూపాయలు రాష్ట్రానికే. కేంద్రం ఎక్సైజ్ వేరే. అంటే ఒక్క ఆటో డ్రైవర్ ఏడాదికి 20 వేలకు పైగా వ్యాట్ కడుతున్నాడు. ఆటో డ్రైవర్లకు ఏటా 12 వేలు ఇస్తామన్నది కాంగ్రెస్ ఎన్నికల హామీ. ఆ హామీ నెరవేరినా, ఆయన కట్టిన వ్యాట్‌లో సగం కొంచెం ఎక్కువ ఆయనకే తిరిగి ఇచ్చినట్టు అయ్యేది.

2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలై ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ అయినప్పటి నుంచి ఆటో గిరాకి ఎంత పడిపోయిందో ఏ అడ్డా మీద అడిగినా చెప్తారు. ఫ్రీ బస్ వద్దని ఎవరూ అనరు, డ్రైవర్ ఇంట్లో ఆడవాళ్లు కూడా అదే బస్సు ఎక్కుతారు. కానీ గిరాకి తగ్గినప్పుడు ఖర్చు తగ్గించుకోవడం ఒక్కటే దారి. ఆ దారి ఎలక్ట్రిక్ ఆటో.

ఇక్కడే పాలసీ లోపం బయటపడుతుంది. ఎలక్ట్రిక్ ఆటోకు కూడా రోడ్ ట్యాక్స్ మాఫీ అని జీవోలో ఉంది. వినడానికి బాగుంది. అయితే తెలంగాణ ఏర్పడిన కొత్తలోనే అప్పటి ప్రభుత్వం ఆటోలకు రవాణా పన్ను ఎత్తేసింది. డీజిల్ ఆటోకే లేని పన్నును ఎలక్ట్రిక్ ఆటోకు మాఫీ చేస్తే డ్రైవర్‌కు కొత్తగా దక్కేదేంది? రిజిస్ట్రేషన్ ఫీజు కింద కొద్దిపాటి పైసలు. కారు కొన్నాయనకు రెండు లక్షల పైన, ఆటో కొన్నాయనకు దాదాపు ఏమీ లేదు. కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద 2025లో ఆటో బ్యాటరీ కిలోవాట్ అవర్‌కు 2,500 రూపాయల చొప్పున ఇచ్చింది. 7.37 కిలోవాట్ అవర్ల ట్రియో ఆటోకు లెక్కేస్తే 18,400 రూపాయలు. 2024-25లో కిలోవాట్ అవర్‌కు 5 వేలు ఉండేది, 2025-26లో సగం చేశారు.

ఇంకో ముడి కరెంట్ మీటర్ దగ్గర ఉంది, దీన్ని ఎవరూ మాట్లాడటం లేదు. గృహజ్యోతి కింద తెల్లకార్డు ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు జీరో. 200 దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి. ఆటోను రోజూ ఇంట్లో చార్జ్ చేస్తే నెలకు 240 యూనిట్ల దాకా పడుతుంది. ఇంటి వాడకం 120 యూనిట్లు అనుకుంటే మీటర్ 360 చూపిస్తుంది. 200 దాటిన ఇళ్లకు మొదటి 200 యూనిట్లు 5 రూపాయల 10 పైసల చొప్పున, తర్వాతి 100 యూనిట్లు 7 రూపాయల 70 పైసల చొప్పున, ఆపైన 9 రూపాయల చొప్పున. మొత్తం 2,330 రూపాయలు, ఫిక్స్‌డ్ చార్జీలు అదనం. నిన్నటిదాకా జీరో బిల్లు వచ్చిన ఇంటికి! ఒక చేత్తో ఇచ్చిన గృహజ్యోతిని ఇంకో చేత్తో ఎలక్ట్రిక్ ఆటో లాగేసుకుంటుంది. ఇక కిరాయి ఇంట్లో ఉండేవాళ్లయితే ఓనర్‌ను ఒప్పించడమే ఒక పని.

దీనికి మందు లేకపోలేదు. చార్జింగ్ స్టేషన్లకు విద్యుత్ నియంత్రణ మండలి వేరే కేటగిరీ పెట్టి యూనిట్ 6 రూపాయలే ఖరారు చేసింది. అడ్డాకు దగ్గర్లో, ఆటో యూనియన్ పేరు మీదో కార్పొరేషన్ పేరు మీదో అలాంటి కనెక్షన్ ఒకటి తీసుకుని రాత్రిపూట ఆటోలు పెట్టుకునే జాగా చూపిస్తే, అదే 240 యూనిట్లకు 1,440 రూపాయలు అవుతుంది, ఇంట్లో జీరో బిల్లు జీరోగానే ఉంటుంది. నస్పూర్ మున్సిపాలిటీ 2025 జనవరిలో మంచిర్యాల కార్పొరేషన్‌లో కలిసింది. కార్పొరేషన్ అయితే నిధులు ఎక్కువ వస్తాయని చెప్పే కదా కలిపారు. ఒక షెడ్డు, పది ప్లగ్గులు. పెద్ద పని కాదు. వరంగల్‌లో ఉన్న ఎన్‌పీడీసీఎల్ ఆఫీసు దాకా కాగితం పోవాలి, అంతే.

కిస్తీ దగ్గర ఆగిపోయిన బండి

ఇంట్లో చార్జ్ చేసుకుని 2,330 కట్టినా డీజిల్ ఖర్చు 8,300తో పోలిస్తే నెలకు దాదాపు 6 వేలు మిగులుతాయి. మరి అందరూ ఎందుకు మారడం లేదు? కిస్తీ.

ఎలక్ట్రిక్ ఆటో రోడ్డెక్కే సరికి మూడున్నర లక్షలు అనుకుందాం. 50 వేలు చేతి నుంచి పెట్టి 3 లక్షలు ప్రైవేట్ ఫైనాన్స్‌లో తీసుకుంటే, 18 శాతం వడ్డీకి మూడేళ్లకు నెల కిస్తీ 10,850 రూపాయల చుట్టూ వస్తుంది. మిగిలేది 6 వేలు, కట్టేది దాదాపు 11 వేలు. ఇప్పుడున్న డీజిల్ ఆటో కిస్తీలు అయిపోయినవాడు ఎందుకు మారతాడు? మూడు నెలలు గిరాకి లేక కిస్తీ తప్పితే ఫైనాన్స్ వాళ్లు బండి గుంజుకుపోతారు. ఇక మన బిరాదరీలో వడ్డీ అప్పు అంటేనే వెనక్కి తగ్గే వాళ్లు చాలామంది. పొరుగువాడి కంటే వాళ్లకు ఈ తలుపు ఇంకా ఇరుకు.

ఈ లెక్కను తిప్పేసే పథకం ఒకటి ఉంది. దాని పేరు రాజీవ్ యువ వికాసం. 2025 మార్చిలో మొదలుపెట్టారు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ యువతకు 4 లక్షల దాకా యూనిట్లు, 6 వేల కోట్ల ఖర్చు, 5 లక్షల మందికి లబ్ధి అన్నారు. 2 లక్షల నుంచి 4 లక్షల లోపు యూనిట్‌కు 70 శాతం సబ్సిడీ. 16 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. జూన్ 2న, రాష్ట్ర ఆవిర్భావ దినోత్సవం నాడు మంజూరు పత్రాలు ఇస్తామన్నారు. వాయిదా పడింది. దసరా పోయింది, దీపావళి పోయింది, పత్రాలు రాలేదు.

మూడున్నర లక్షల ఎలక్ట్రిక్ ఆటోకు 70 శాతం అంటే 2 లక్షల 45 వేలు సబ్సిడీ. మిగిలిన లక్షా 5 వేలు బ్యాంకులో 9 శాతానికి మూడేళ్లకు తీసుకుంటే కిస్తీ 3,340 రూపాయలు. డీజిల్ మీద మిగిలేది 6 వేలు. కిస్తీ కట్టాక కూడా నెలకు 2,600 చేతిలో ఉంటుంది, మూడేళ్ల తర్వాత 6 వేలకు 6 వేలు ఇంటికే. ఒకసారి ఆ 2 లక్షల 45 వేలను, పైన చెప్పిన 14 లక్షల కారుకు మాఫీ అయిన 2 లక్షల 38 వేలను పక్కపక్కన పెట్టి చూడండి. దాదాపు ఒకటే మొత్తం. ఒకటి ఎవరినీ అడగకుండా, దరఖాస్తు లేకుండా, షోరూమ్‌లోనే దొరుకుతుంది. ఇంకొకటి 2025లో నెలల తరబడి ఫైల్లోనే ఉండిపోయింది. ఏడాదికి 8 వేల కిలోమీటర్లు తిరిగే బండికి ముందు, 31 వేల కిలోమీటర్లు తిరిగే బండికి తర్వాత.

కేవలం పొగ తగ్గించడమే ఉద్దేశం అనుకున్నా ఇది తలకిందుల పద్ధతే. ఒక ఆటోను మారిస్తే తగ్గే డీజిల్ ఏడాదికి వెయ్యి లీటర్ల పైన. ఒక బోనస్ కారును మారిస్తే తగ్గే పెట్రోల్ 500 లీటర్లు. ఆటో పొగ కూడా బజారు నడుమ, బడి గేటు ముందు వదిలే పొగ.

ఎలక్ట్రిక్ కార్లలో ప్రపంచం కన్నా ముందున్న నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో 89 శాతం దాకా ఎలక్ట్రిక్‌వే. ఆ దేశం కూడా ఏళ్లపాటు పన్నులన్నీ మాఫీ చేసింది. కానీ 2023 జనవరి నుంచి 5 లక్షల క్రోన్ల ధర దాటిన భాగం మీద 25 శాతం పన్ను వేయడం మొదలుపెట్టింది. ఉన్నవాళ్ల పెద్ద కార్లకు రాయితీ ఎందుకన్న ప్రశ్న అక్కడా వచ్చింది. నార్వే అంత ధనిక దేశమే హద్దు పెట్టినప్పుడు, ఉన్న హద్దును తీసేసిన మన జీవో మీద ఎవరూ గట్టిగా అడగకపోవడం ఆశ్చర్యం.

మన బొగ్గుతోనే నడిచే కారు

నస్పూర్‌లో ఈ చర్చకు ఇంకో మలుపు కూడా ఉంది. ఎలక్ట్రిక్ కారు వస్తే బొగ్గు పనైపోతుందని కొందరు, అసలు ఆ కరెంట్ వచ్చేదే మన బొగ్గు నుంచి కదా అని కొందరు. రెండో మాటే నిజానికి దగ్గర. ఇక్కడి నుంచి చూస్తే జైపూర్ మండలం పెగడపల్లిలో సింగరేణి సొంత పవర్ ప్లాంట్ ఉంది, 600 మెగావాట్ల యూనిట్లు రెండు. గోదావరి దాటితే రామగుండం ఎన్టీపీసీ.

ఒక యూనిట్ కరెంట్‌కు మన బొగ్గు ముప్పావు కిలోకు కాస్త తక్కువ పడుతుంది. ఎలక్ట్రిక్ కారు 100 కిలోమీటర్లు పోవాలంటే 14 యూనిట్లు, అంటే దాదాపు 10 కిలోల బొగ్గు. అదే దూరానికి పెట్రోల్ కారు 6 లీటర్ల పైన తాగుతుంది, 14 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. కరెంట్ అంతా బొగ్గుదే అయితే ఎలక్ట్రిక్ కారు ఖాతాలో కూడా దాదాపు అంతే పడుతుంది. దేశం మొత్తం కరెంట్‌లో సోలార్, నీటి కరెంట్ కలిసి ఉండటం వల్ల 10 నుంచి 12 కిలోలకు దిగుతుంది. లాభం ఉంది, కానీ ప్రచారంలో చెప్పేంత లేదు. ముఖ్యంగా పొగ మాయం కాదు, మంచిర్యాల బజారు నుంచి జైపూర్ చిమ్నీకి జాగా మారుతుంది. జైపూర్ చుట్టుపక్కల పల్లెల వాళ్లు అది మర్చిపోరు.

బొగ్గు ఉద్యోగాలకు ఎలక్ట్రిక్ కారు వల్ల వచ్చే ప్రమాదం ఏమీ లేదు. సింగరేణిలో 1990ల మొదట్లో లక్షకు పైగా పర్మినెంట్ కార్మికులు ఉండేవాళ్లు, ఇప్పుడు 40 వేల చిల్లర. ఓపెన్‌కాస్ట్‌లు, కాంట్రాక్ట్ పద్ధతి తగ్గించిన సంఖ్య అది. దాదాపు 30 వేల మంది కాంట్రాక్ట్ కార్మికులకు ఈసారి లాభాల కింద దక్కింది మనిషికి 5,500 రూపాయలు. ఒకే గనిలో పనిచేసే ఒకాయన కారు షోరూమ్‌కు, ఇంకొకాయన బట్టల దుకాణానికి. ఆ రెండో ఆయన డ్యూటీకి పోయేది కూడా షేర్ ఆటోలోనే.

మన ఊరికి సీసీసీ అన్న పేరు ఎట్లొచ్చిందో కొత్త పిల్లలకు తెలియదు. కోల్ కెమికల్ కాంప్లెక్స్. బొగ్గును తక్కువ వేడి మీద కాల్చి పొగ రాని పొయ్యి బొగ్గు, తారు తీసే ఫ్యాక్టరీ. ఇళ్లలోకి గ్యాస్ సిలిండర్ వచ్చాక పొయ్యి బొగ్గు ఎవరికి కావాలి? ఫ్యాక్టరీ పోయింది, బస్సు కండక్టర్ నోట, పోలీస్ స్టేషన్ బోర్డు మీద పేరు మాత్రం ఉంది. ఇంధనం మారినప్పుడు దాని చుట్టూ బతికినవాళ్లు ఏమవుతారన్నది ఈ ఊరికి కొత్త ప్రశ్న కాదు.

ఉస్తాద్‌ల సంగతి

ఈసారి ఆ ప్రశ్న మెకానిక్ షెడ్లను అడుగుతోంది. మంచిర్యాల, సీసీసీ, శ్రీరాంపూర్ రోడ్ల పక్కన పంక్చర్, ఇంజిన్ పని, డెంటింగ్, పెయింటింగ్, సీటు కవర్లు, ఆటో ఎలక్ట్రికల్ చేసేవాళ్లలో మన వాళ్లు ఎంతమందో లెక్కపెట్టాల్సిన పని లేదు, బోర్డులు చదివితే చాలు. ముస్లింలు జీతం ఉద్యోగాల్లో తక్కువ, రవాణా, రిపేర్ లాంటి సొంత పనుల్లో ఎక్కువ అని సచార్ కమిటీ 2006లోనే రాసింది. పదేళ్ల పిల్లాడు ఉస్తాద్ దగ్గర పానాలు అందిస్తూ మొదలుపెట్టి, ఇరవై ఏళ్లకు ఇంజిన్ చప్పుడు విని రోగం చెప్పే స్థాయికి వస్తాడు. ఆయన సర్టిఫికెట్ ఆయన చెవి.

ఎలక్ట్రిక్ బండిలో ఆ చప్పుడే లేదు. ఇంజిన్ ఆయిల్ లేదు, ఫిల్టర్లు లేవు, స్పార్క్ ప్లగ్ లేదు, క్లచ్ ప్లేట్ లేదు, ఇంజెక్టర్ లేదు, సైలెన్సర్ లేదు. షెడ్డుకు రోజూ పైసలు తెచ్చే పనులు ఇవే. బ్రేకులు, సస్పెన్షన్, టైర్లు, ఏసీ, బాడీ పని మిగులుతాయి. మోటార్, బ్యాటరీ, కంట్రోలర్ పాడైతే కంపెనీ ల్యాప్‌టాప్ పెడితే గాని లోపల ఏముందో తెలియదు. ఆ సాఫ్ట్‌వేర్ బయటివాళ్లకు ఇవ్వరు. పైగా కారు బ్యాటరీలో వందల వోల్టుల కరెంట్, నేర్చుకోకుండా చేయి పెడితే ప్రాణమే పోతుంది.

ఇది రేపే జరిగిపోదు. రోడ్డు మీద ఉన్న పెట్రోల్, డీజిల్ బండ్లు ఇంకో పదిహేనేళ్లు తిరుగుతాయి. ఇప్పుడైతే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ పుణ్యమా అని పాత బండ్ల ఓనర్లు మైలేజ్ తగ్గిందని మెకానిక్‌ల దగ్గరికే వస్తున్నారు. నీతి ఆయోగ్ 2021 నివేదికే పాత డిజైన్ కార్లకు 6, 7 శాతం దాకా మైలేజ్ తగ్గొచ్చని రాసింది. ఇథనాల్ లేని పెట్రోల్ కూడా ఉంచాలని వేసిన పిల్‌ను సుప్రీంకోర్టు సెప్టెంబర్ 1న కొట్టేసింది. ఇథనాల్ అంటే మన ఉమ్మడి జిల్లాకు ఇంకో జ్ఞాపకం ఉంది, 2024 నవంబర్‌లో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని జనం రోడ్డు మీద కూర్చుంటే సర్కారు పనులు ఆపాల్సి వచ్చింది. పెట్రోల్ పక్కన పెట్టి చూసినా, కలిపి చూసినా, ప్రతి ఇంధనానికీ ఎక్కడో ఒక ఊరు ఉంటుంది.

పదిహేనేళ్లు ఉన్నాయి కాబట్టే ఇప్పుడు మొదలుపెట్టాలి. రాష్ట్రంలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి 2,324 కోట్లతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్నారు. ఎలక్ట్రిక్ వెహికల్ మెకానిక్ కోర్సు కూడా అందులో ఉంది. మంచి పని. అయితే అది పదో తరగతి పాసైన పిల్లల కోసం. నలభై ఏళ్ల ఉస్తాద్ షెడ్డు మూసుకుని ఏడాది పాటు క్లాసులో కూర్చోలేడు, చాలామందికి పదో తరగతి మెమో కూడా లేదు. ఆయనకు కావాల్సింది సాయంత్రం పూట రెండు మూడు నెలల క్లాసులు, తెలుగు, ఉర్దూలో చెప్పే మాస్టర్, చేత్తో పట్టుకుని చూడటానికి ఒక పాత ఆటో బ్యాటరీ. మిషన్లు పొద్దంతా పిల్లలకు, సాయంత్రం ఉస్తాద్‌లకు ఇస్తే కొత్తగా కొనాల్సింది ఏమీ ఉండదు.

మిషన్ల సంగతి వచ్చింది కాబట్టి, ఎలక్ట్రిక్ బండ్లు ఎక్కడో పరాయి దేశం నుంచే రావాలని లేదు. ట్రియో ఆటోలు తయారుచేసే మహీంద్రా ప్లాంట్ మన జహీరాబాద్‌లోనే ఉంది. ఒకప్పుడు అక్కడ ఆల్విన్ నిస్సాన్ లారీలు తయారయ్యేవి. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో 9,500 కోట్లతో అమరరాజా బ్యాటరీ సెల్ ఫ్యాక్టరీకి 2023లో పునాది వేశారు. ఆటో, దాని బ్యాటరీ రెండూ రాష్ట్రంలోనే తయారయ్యే రోజు వస్తున్నప్పుడు, వాటిని నడిపేవాడు, బాగుచేసేవాడు కూడా ఆ లెక్కలో ఉండాలి కదా.

ఈ విషయంలో ఉత్తర తెలంగాణకు ఒక అవకాశం ఉంది. రోడ్ ట్యాక్స్ జీవో రవాణా శాఖది, మంత్రి పొన్నం ప్రభాకర్ కరీంనగర్ మనిషి. ఐటీఐలు కార్మిక, ఉపాధి శాఖ కింద ఉన్నాయి, మంత్రి గడ్డం వివేక్ పక్కనున్న చెన్నూరు ఎమ్మెల్యే.  ఈ రెండు తాళాలూ ఈ ప్రాంతం వాళ్ల జేబుల్లోనే ఉన్నాయి. అడగడానికి హైదరాబాద్ కూడా పోవాల్సిన పని లేదు.

జీవో 41 గడువు 2026 డిసెంబర్ 31తో ముగుస్తుంది. పొడిగించాలని షోరూమ్ వాళ్లు, కారు కంపెనీలు తప్పకుండా అడుగుతాయి. పొడిగించేముందు కార్ల మాఫీకి ధర హద్దు పెట్టాలని, అట్లా మిగిలిన పైసలను రాజీవ్ యువ వికాసంలో ఎలక్ట్రిక్ ఆటో దరఖాస్తులకు ముందు ఇవ్వాలని ఆటో యూనియన్లు, మెకానిక్ సంఘాలు, మన జమాత్‌లు ఇప్పటి నుంచే రాతపూర్వకంగా అడగాలి. నస్పూర్‌లో కొత్త కలెక్టరేట్ ఉంది, ప్రజావాణి సోమవారం.